అంటుజాడ్యములు - అధికారము

1897 వ సంవత్సరపు అంటుజాడ్యముల శాసనమును పరిశీలించి, అది నేటి కాలమునకు చాలదనియు, దానిని సమూలముగ సవరించుటయో లేక క్రొత్త శాసనమును నిర్మించుటయో యవసరమనియు లా కమిషనువారు 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమునకు నివేదించిరి. ఇట్టి నివేదికలు ఏటేట కొన్ని వెలువడుచునే యుండును. వానిని తుదముట్ట చదువువారు అరుదు. కాని యీ నివేదికను గూర్చి దేశమున జరుగవలసినంత చర్చ జరుగకపోయినందులకు మేము చింతించుచున్నాము. కోవిడు జాడ్యము నెమ్మదించినది గదా, ఇప్పుడీ ప్రస్తావన యేల యని కొందరనవచ్చును. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వ మొదలిడుట యెంత వివేకమో, జాడ్యము చెలరేగినపుడు శాసనము వ్రాయ మొదలిడుటయు నంతే వివేకము. 1897 లో జరిగినది సరిగా నదియే.

1896 సెప్టెంబరులో బొంబాయి నగరమున మాండవి పేటలో ప్లేగు పొడసూపెను. దానిని గుర్తించి ధైర్యముగ చెప్పినవాడు వీగసు అను గోవాప్రాంతపు వైద్యుడు. మాండవి యనగా రేవుదాపున ధాన్యపు గిడ్డంగులతో క్రిక్కిరిసిన పేట. అచట మనుష్యులకు ముందు ఎలుకలు చచ్చెను. నగరపాలకులు మురుగుకాలువలలో మందునీరు పోయించిరి. ఇండ్లకు సున్నము కొట్టించిరి. రోగులను బలవంతముగ ఆసుపత్రికి తరలించుటకు ఉత్తరువు లిచ్చిరి. అక్టోబరు మాసాంతమున మిల్లు కూలీలు గుంపుగూడి ఆర్థరు రోడ్డులోని ఆసుపత్రిపై బడిరి. జనులు మూటముల్లెలు గట్టుకొని రైళ్లలోను, పడవలలోను, కాలినడకను నగరమును విడిచిరి. కొన్ని మాసములలో బొంబాయి జనసంఖ్యలో ఇంచుమించు సగము తరలిపోయెనని నాటి లెక్కలు చెప్పుచున్నవి. వెళ్లినవారితో జాడ్యమును వెళ్లెను.

దీనికి దొరతనమువారి సమాధానమే 1897 ఫిబ్రవరి 4 వ తేదీ శాసనము. బిల్లు ప్రవేశపెట్టిన వారము దినములకే అది చట్టమయ్యెను. అందున్నవి నాలుగు ప్రకరణములు; ఒక కాగితమున నిముడును. మొదటిది పేరు. రెండవది, ఉన్న చట్టములు చాలవని తోచినపుడు ప్రభుత్వము తనకు అవసరమని తోచిన ఏ నిబంధననైనను చేయవచ్చునని చెప్పును. మూడవది, ఆ నిబంధనను మీరినవానికి శిక్ష విధించును. నాలుగవది, సద్బుద్ధితో చేసిన యే పనికిని అధికారిపై దావా చెల్లదని చెప్పును. అంటుజాడ్య మనగానేమో యీ శాసనము చెప్పదు. రోగికి మందు దొరకవలెనని చెప్పదు. వేరుపరచబడినవాని కుటుంబమునకు అన్నము పెట్టువారెవరో చెప్పదు. అధికారికి హక్కులును, ప్రజకు విధులును గలవు. అధికారికి విధులును, ప్రజకు హక్కులును ఇందు ఎంత వెదకినను కానరావు.

ఈ శాసనము పూనాలో ఎట్లమలయ్యెనో పాఠకు లెరుగుదురు. ప్లేగు సంఘమునకు అధ్యక్షుడుగ వచ్చిన రాండు దొర 1897 మార్చి నుండి మే వరకు తెల్ల సైనికులచే ఇల్లిల్లును సోదా చేయించెను. దేవతార్చన గదులలో బూట్లతో అడుగుపెట్టిరనియు, స్త్రీలను వీధిలో నిలిపి పరీక్షించిరనియు, సామానులు తగులబెట్టిరనియు జనులు మొరపెట్టుకొనిరి. జూన్ 22 వ తేది రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవమునుండి మరలుచుండగా రాండుపై కాల్పులు జరిగెను. వెంటనున్న అయర్స్టు అక్కడికక్కడనే మరణించెను. రాండు జూలై 3 వ తేదిని మరణించెను. చాపేకరు సోదరులు ఉరికంబ మెక్కిరి. కేసరి పత్రికలోని వ్యాసములకై తిలకు మహాశయునిపై రాజద్రోహనేరము మోపి, సెప్టెంబరులో పదునెనిమిది మాసముల కఠినశిక్ష విధించిరి. ఆ తిలకే నగరమును విడువక నిలిచి, రోగులకై ఆసుపత్రి నడపినవాడని న్యాయస్థానమునకు పట్టినట్లు లేదు. అప్పుడు ఇంగ్లండులోనున్న గోఖలే, పూనానుండి వచ్చిన లేఖలను నమ్మి, సైనికులు స్త్రీలను చెరచిరని బహిరంగముగ ప్రకటించెను. తిరిగివచ్చి విచారింపగా రుజువుతో ముందుకు వచ్చువారు లేకపోయిరి. ఆయన క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను. హత్యను మేము సమర్థింపము. కాని మూడు మాసములలో ఒక నగరము నంతటి స్థితికి తెచ్చిన పరిపాలనను గూర్చి, అది వైద్యమని మాత్రము ఎవ్వరును చెప్పజాలరు.

ఆనాటి వదంతులను చదివి నేటివారు నవ్వుదురు. ఆసుపత్రికి తీసికొనిపోయిన రోగిని తలక్రిందులుగ వ్రేలాడదీసి, శరీరమునుండి తైలము తీసి, మొమియాయి యను మందు చేయుదురని బొంబాయిలో చెప్పుకొనిరి. ఇది మూఢత్వమే, కాదనము. అయినను విచారింపుడు. ఇంటినుండి మనిషిని లాగుకొనిపోయిరి, మరల చూపలేదు, శవమునైనను ఇచ్చుటకు తటపటాయించిరి, అడిగినవానికి సమాధానము లేదు. కారణము చెప్పని చోట జనులు కారణమును తామే కల్పించుకొందురు. ఆసుపత్రికి పోయినవాడు తిరిగిరాడనుట వదంతికాదు, పెక్కు తావుల కంటికి కనబడిన సంగతి. తైలపు కథ దానికి తొడిగిన చొక్కా మాత్రమే.

అధికారుల జ్ఞానమేమి గొప్పదిగ నుండెనా యనిన, అదియు లేదు. ప్లేగు క్రిమిని 1894 లో హాంకాంగున యెర్సను కనుగొనియుండెను గాని, అది ఎలుకమీది గోమారివలన మనుష్యునికి సోకునని సిమాండు కరాచీలో 1898 లో చెప్పువరకు ఎవ్వరికిని తెలియదు. చెప్పిన పిమ్మటను పెద్దలు నమ్మలేదు. 1905 తరువాత బొంబాయిలో జరిగిన పరిశోధనలతో గాని అది స్థిరపడలేదు. అనగా, పూనాలో సైనికులు మనుష్యుల చంకలు తడవిచూచుచున్న దినములలో ఎలుకలు నిశ్చింతగ నట్టింట తిరుగుచుండెనన్నమాట. ఎలుకలు రాలినంతనే ఇల్లు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనుట దక్కను పల్లెలవారు ఎవ్వరును చెప్పకయే చేసిన పని. తరువాతికాలమున దొరతనమువారును దానినే మంచి మార్గమని ఒప్పుకొనిరి. పల్లెవాని మాటను ముందే విని యున్నచో ఎన్ని ప్రాణములు దక్కియుండెడివో!

హాఫ్కిను పండితుడు బొంబాయిలో ప్లేగు టీకాను తయారుచేసి 1897 జనవరి 10 వ తేదిని మొదట తన శరీరముననే వేసికొనెను. తానే ముందు చేయి చాచినవాని మాటకు గల బలము ఏ నిబంధనకును లేదు. కాని 1902 అక్టోబరులో పంజాబునందలి ముల్కోవాలు గ్రామమున టీకా వేయించుకొన్నవారిలో పందొమ్మండుగురు ధనుర్వాతముతో మరణింపగా, దొరతనమువారు ఆయనపై నేరము మోపి పనినుండి తొలగించిరి. నిర్దోషి యని తేలుటకు 1907 వరకు పట్టెను. ఆయన పక్షమున కలము పట్టినవారిలో రొనాల్డు రాసు ఒకడు. ఈ రాసే 1897 ఆగస్టు 20 వ తేదిని మన సికిందరాబాదులో, మలేరియా క్రిమిని దోమకడుపున చూచినవాడు. పూనాలో సైన్యము ప్లేగును వెదకిన సంవత్సరముననే, సికిందరాబాదులో ఒక్క మనుష్యుడు ఒక్క సూక్ష్మదర్శినితో మలేరియా మర్మమును వెదకి పట్టెను. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రికి ఆయన పేరు పెట్టిరి. జనులు మాత్రము దానిని కోరంటి ఆసుపత్రి యనిరి. క్వారంటైను అను మాట తెలుగునోట అట్లు నలిగినది. జనుల జ్ఞాపకమున మిగిలినది శాస్త్రజ్ఞుడు కాడు, నిర్బంధము.

1898 బొంబాయి అల్లరుల పిమ్మట దొరతనమువారు క్రమముగ బలప్రయోగమును సడలించిరి. జ్ఞానోదయమువలన కాదు, గత్యంతరము లేక. అప్పటికి ప్లేగు నగరములు దాటి పల్లెలకు ప్రాకినది. ఇరువది యేండ్లలో కోటికి పైగా జనులు మడిసిరి. ఆ చీకటిలో వెలిగిన దీపములు కొన్ని కలవు. పూనాలో సావిత్రీబాయి ఫూలే రోగులకు సేవచేయుచు ఆ జాడ్యముతోనే 1897 మార్చి 10 వ తేదిని మరణించెను. కలకత్తాలో నివేదిత చీపురు పట్టి సందులు ఊడ్చెను. రాజకోటలో 1896 లో గాంధీమహాత్ముడు మరుగుదొడ్లు పరీక్షించుటకు ఇల్లిల్లు తిరిగి, అస్పృశ్యు లనబడువారి వాడ శుభ్రముగ నుండుటయు, గొప్పవారి ఇండ్లలో దుర్గంధము నిండియుండుటయు చూచినట్లు తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఈ సంగతిని మా పాఠకులలో మేడలుగలవారు ఒకసారి తలచుకొందురు గాక.

స్వతంత్రము వచ్చిన పిమ్మట నైనను మన మేమి నేర్చితిమి? 1994 సెప్టెంబరులో సూరతు నగరమున ప్లేగు వార్త పుట్టగానే లక్షలమంది రైళ్లెక్కిరి. ఆ నగరమున మన తెలంగాణపు నేతపనివారు వేలకొలదిగ నివసింతురు గనుక, ఆ భయము మన ఊళ్లకును వచ్చెను. పలువురు ప్రైవేటు వైద్యులు తలుపులు మూసి తామే ముందు వెడలిపోయిరి. టెట్రాసైక్లిను మాత్రలు అంగళ్లలో దొరకకపోయెను. చనిపోయినవారు వందలోపే, అయినను దేశదేశముల విమానములు రాక మానెను. మరుసటి యేడు మునిసిపలు కమిషనరుగ వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్తకుప్పలు ఎత్తించి, అధికారులను ఉదయమే వీధులలోనికి పంపి, స్వల్పకాలములో ఆ నగరమును శుభ్రతకు పేరుగన్నదానిగ చేసెను. అది పోలీసు పని కాదు, పురపాలక సంఘపు పని.

ఇక 2020. మార్చి 11 వ తేదిని కేంద్రమువారు ఆ 1897 నాటి శాసనపు రెండవ ప్రకరణమునే ప్రయోగింపుడని రాష్ట్రములకు చెప్పిరి. ఆంధ్రప్రదేశమును తెలంగాణమును దాని క్రిందనే నిబంధనలు ప్రకటించెను. మార్చి 24 వ తేది రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రసంగించిరి. నాలుగు గంటల వ్యవధిలో దేశమంతయు మూతపడెను. ఈసారి ఉపయోగించినది 2005 నాటి విపత్తుల శాసనము. పద్ధతి మాత్రము పాతదే. జాడ్యము క్రొత్తది, మందు లేదు, ఆసుపత్రులు సిద్ధముగ లేవు, వ్యవధి కావలసియుండెను. కావున కొంతకాలము కదలికలు ఆపుట తప్పని మేమనము. రోజుకూలిపై బ్రతుకువాడు నాలుగు గంటలలో ఏమి చేయవలెనో ఎవరైన ఆలోచించిరా యన్నదే మా ప్రశ్న.

భయము మన జిల్లాలలో వేసిన వేషములు పాఠకులకు జ్ఞాపకముండును. జాడ్యము ఇంకను మన తీరమునకు రాకమునుపే, 2020 ఫిబ్రవరిలో, తనకది సోకెనని భ్రమించి, తనవారికి అంటునని తల్లడిల్లి చిత్తూరు జిల్లాలో ఒక గృహస్థుడు ప్రాణము తీసికొనెను. కోడిమాంసమువలన రోగము వచ్చునను వదంతితో కోళ్లఫారములవారు దివాలా యంచుకు వచ్చిరి. హైదరాబాదులో మంత్రులు వేదికనెక్కి కోడికూర తిని చూపవలసివచ్చెను. ఆ విందును హాస్యము చేసినవారు కలరు. మేము చేయము. హాఫ్కిను తన చేతికి సూది గ్రుచ్చుకొనుటయు ఇదియు ఒక జాతివే. ఆజ్ఞకన్న ఆచరణము మేలు. 2021 మే నెలలో కృష్ణపట్టణమున ఒక గ్రామవైద్యుని మందుకై వేలమంది ఒకరిపై నొకరు పడిరి. ఆసుపత్రిలో మంచము, ఆక్సిజను దొరకునను నమ్మకమున్నచో ఆ జనము అంత దూరము పోయెడిదా?

ఈ మాట మాకును మా పాఠకులకును చేదుగ నుండును గాని చెప్పక తప్పదు. 2020 మార్చిలో మన పల్లెల పొలిమేరలలో ముళ్లకంపలు పడెను; చెట్లు నరికి బాటలకు అడ్డము వేసిరి. వేసినవారు పోలీసులు కారు, ఊరి పెద్దలే. తమ ఊరిబిడ్డ బస్తీనుండి తిరిగివచ్చినను లోనికి రానీయని ఊళ్లు కలవు. చెన్నపట్టణమున రోగులకు సేవచేసి మరణించిన వైద్యుల శవములకు శ్మశానములో చోటీయక జనులు రాళ్లు రువ్విరి. తెలంగాణపు మిరపచేలలో కూలికి వచ్చిన పండ్రెండేండ్ల బాలిక, పని ఆగిపోగా, చత్తీసుగడ్‌లోని తన ఊరికి అడవిదారిని మూడు దినములు నడచి, ఇల్లు చేరువలో ఉండగా 2020 ఏప్రిల్ 18 వ తేదిని మరణించెను. ఆ పిల్లకు కోవిడు లేదని పరీక్షలో తేలినది. ఆ చేను ఎవరిదో మాకు తెలియనక్కరలేదు. అట్టి చేలు మనలో పలువురకు గలవు. పండ్రెండేండ్ల పిల్ల కూలికి ఏల వచ్చెనన్నది ఒక ప్రశ్న. పని ఆగిన దినమున ఆ కూలివారికి పదునైదు దినముల బియ్యమిచ్చి ఉండుడనిన రైతులెందరన్నది మరియొకటి. ఇచ్చినవారును కలరు; వారికి మా నమస్కారములు. ఆ యేడు మే 1 వ తేదిని లింగంపల్లినుండి ఝార్ఖండులోని హతియాకు సుమారు పండ్రెండువందల మంది కూలీలతో మొదటి రైలు కదలెను. ఆ రైలు ముప్పదియారు దినముల ముందు ఏల కదలలేదని అడిగిన, రోగము పల్లెలకు ప్రాకునని సమాధానము వచ్చును. నడచిపోయినవారితో ప్రాకలేదా?

ఇంకొక విచిత్రము. 1897 లో ప్రజలు తమ మృతులను ప్రభుత్వమునకు తెలియకుండ దాచిరి. శవములను రహస్యముగ పూడ్చిరి. 2021 లో మృతులు ప్రభుత్వపు లెక్కలకే అందకపోయిరి. 2021 కడపటికి దేశమున కోవిడు మరణములు నాలుగు లక్షల ఎనుబదివేలని ప్రభుత్వము చెప్పగా, ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022 మే నెలలో అధికమరణములు నలుబదియేడు లక్షలని అంచనా కట్టెను. ప్రభుత్వమువారు ఆ పద్ధతి తప్పని ఖండించిరి. తరువాత 2025 లో వెలువడిన మన జననమరణ రిజిస్టరు లెక్కలే 2021 లో మరణములు కోటి దాటెననియు, అంతకు ముందటి యేటికన్న సుమారు ఇరువదియొక్క లక్షలు హెచ్చెననియు చూపినవి. ఇందులో ప్రతి మరణమును కోవిడుదే యని మేము చెప్పము. వలసకూలీలు ఎందరు దారిలో మరణించిరని 2020 సెప్టెంబరులో పార్లమెంటున అడుగగా, లెక్క లేదనిరి. లెక్క లేనందున పరిహారమును లేదు. శ్మశానము ముందు బారులు తీరిన చితులను కన్నులార చూచినవానికి ప్రభుత్వపు సంఖ్యను చూపిన, వాడు తరువాత ప్రభుత్వము చెప్పు ఏ సంఖ్యనైన నమ్మునా? టీకాను నమ్మునా?

2020 ఏప్రిల్ 22 వ తేదిని ఆ పాతశాసనమునకు ముఖ్యమైన సవరణ యొకటి ఆర్డినెన్సుగ వచ్చెను. వైద్యసేవకులపై చేయి చేసికొన్నవారికి ఏడేండ్లవరకు శిక్ష. అది అవసరమే, దానిని తప్పుపట్టము. ఇంటింటికి తిరిగిన ఆశా కార్యకర్తలు, నర్సులు పడిన అవమానములు మా కన్నులయెదుటివే. కాని నూటయిరువది మూడేండ్ల పిమ్మట శాసనమును తెరచినవారు అందులో చేర్చినది మరియొక శిక్షయే గాని, ప్రజకు ఒక్క హక్కైనను కాదు.

క్రొత్త శాసనమున ఏమి యుండవలెనని మమ్మడుగవచ్చును. ఆపత్కాలమున సర్కారుకు త్వరితాధికారము అవసరమని మొదటనే అంగీకరించుచున్నాము. సభలు కూడి తర్జనభర్జనలు చేయునంతవరకు జాడ్యము ఆగదు. అయితే తొందరలో ఇచ్చిన ఆజ్ఞ నియతకాలములో శాసనసభ ముందుకు రావలెను. గడువు తీరగానే రద్దు కావలెను. మనిషిని ఇంట కట్టిపడవేసిన దినమునుండి వాని యింటికి బియ్యము పంపుట దయగ గాక విధిగ ఉండవలెను. మృతుల సంఖ్యను వారవారము వార్డుల వారీగ ప్రకటింపవలెను. సద్బుద్ధితో చేసినను తప్పు తప్పే గనుక, అధికారిని జైలుకు పంపకపోయినను నష్టపడినవానికి ఖజానానుండి పరిహారము రావలెను. ఇవి గగనకుసుమములు కావు. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలోనుండగా, కాంగ్రెసు మంత్రివర్గపు కాలమున, 1939 లో ప్రజారోగ్య శాసన మొకటి పుట్టెను. మంచినీరు, మురుగుకాలువలు, ఆరోగ్యాధికారి - ఇవి స్థానిక సంఘముల విధులని అది చెప్పెను. దేశమున అట్టివానిలో అది మొదటిది. రాష్ట్రములు మారినను కోస్తా, రాయలసీమ జిల్లాలకు సంక్రమించినది. పరప్రభుత్వపు నీడలో స్వల్పాధికారముతో నున్న మంత్రులు చేయగలిగిన పనిని, సర్వాధికారము గల నేటి ప్రభుత్వములు చేయలేమనుట యుక్తము కాదు.

ఢిల్లీలో శాసనము ఎన్నడు వచ్చునో చెప్పలేము. అంతలోపల మన చేతిలోనున్న పని యొకటి కలదు. ఏటేట మాఘ ఫాల్గుణములలో మిరపకోతలకు చత్తీసుగడ్ నుండి, ఒడిశానుండి కూలివారు మన గ్రామములకు వచ్చుచున్నారు. వారి పేర్లు, ఊళ్లు, వెంటనున్న పిల్లల సంఖ్య, ఆపదలో కబురంపవలసిన చిరునామా - ఇవి వ్రాసియుంచిన పుస్తకము ఏ పంచాయతీ కచేరిలోనైన కలదా యని మేము విచారించితిమి. మేము అడిగిన చోట్ల లేదు. మేస్త్రీ చేతి చీటీయే వారికి ఆధారము. వచ్చు కోతలకు ముందే అట్టి పుస్తకమును తెరువవచ్చును. రైతులు తమ కూలివారి పేర్లు తామే తెచ్చి వ్రాయింపవచ్చును. దానికి కావలసినది నూరుపుటల పుస్తక మొకటి, ఒక సాయంకాలము.